ఉప్పుగాలిలో అలంకార కాంక్రీటు: విశాఖ ఇళ్లలో దానిని కాపాడుకునే పద్ధతి

పెదవాల్తేరులో మా ఇల్లు సముద్రానికి కాలినడకన వెళ్లేంత దూరంలో ఉంది. సముద్రపు గాలి గట్టిగా వీచిన రాత్రి తరువాత, తెల్లవారి వరండాలోని సిమెంటు జాలీ మీద వేలితో రాసి నాలుకకు అద్దుకుంటే ఉప్పగా తగులుతుంది. ఆ జాలీ, గేటు నుంచి మెట్ల వరకు రాతిపలకల అచ్చుతో పోయించిన రంగు గచ్చు, పెరట్లో గులకరాళ్లు పైకి తేలేలా వేయించిన నడవ, పిట్టగోడ మీది చిన్న సిమెంటు స్తంభాలు, తులసికోట, ఇలా ఇంటికి అందం తెచ్చిన కాంక్రీటు పనులన్నీ పగలూ రాత్రీ ఆ ఉప్పుగాలిలోనే నిలబడి ఉంటాయి. పన్నెండేళ్లుగా వీటిని చూసుకుంటూ వచ్చాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఏమిటంటే, విశాఖలో అలంకార కాంక్రీటుకు ఎండ కన్నా, వాన కన్నా ఉప్పు వల్లనే ఎక్కువ హాని జరుగుతుంది. ఆ ఉప్పును మంచినీటితో ఎప్పటికప్పుడు కడిగివేసి, పూర్తిగా ఆరిన గచ్చు మీద తగిన నెలలో సీలర్, అంటే నీరు ఇంకకుండా కాపాడే పూత, పూసుకుంటే, మిగిలిన పనులన్నీ చిన్నవైపోతాయి.

అలంకార కాంక్రీటు సంరక్షణ గురించి దొరికే సూచనలలో ఎక్కువ భాగం మంచు కురిసే దేశాలవారు తమ కోసం రాసుకున్నవి. కాంక్రీటు సందుల్లో చేరిన నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బడం, మంచును కరిగించడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు ఇంటి గచ్చుకు అంటడం వారి ప్రధాన సమస్యలు. మనకు గడ్డకట్టే చలి లేదు గాని, ఉప్పు మాత్రం ఎవరూ చల్లనక్కర లేకుండానే గాలిలో వచ్చి పడుతుంది. రాత్రి తేమకు అది కరిగి సన్నని రంధ్రాల్లోకి ఇంకుతుంది. పగటి ఎండకు నీరు ఆవిరైపోయి ఉప్పు మాత్రం లోపలే స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఆ స్ఫటికాలు పెరుగుతూ రంధ్రాల గోడలను నెడుతుంటే పై పొర క్రమంగా వదులవుతుంది. రంగు గచ్చు మీద అరిచేయి రాసినప్పుడు సన్నని పిండి అంటుకుంటే ఈ పని లోపల చాలాకాలంగా సాగుతోందని గ్రహించాలి.

లోపల ఇనుప కడ్డీ ఉన్న చోట ఉప్పు చేసే హాని ఇంకా పెద్దది. మంచి కాంక్రీటు గట్టి క్షారం; ఆ క్షారగుణాన్ని తెలిపే కొలత, పీహెచ్, 12.5 నుంచి 13 వరకు ఉంటుంది. ఆ క్షారంలో ఉన్నంతకాలం ఇనుము మీద ఒక సన్నని రక్షక పొర నిలిచి ఉంటుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి లోపలికి పోయి, కాంక్రీటులోని సున్నాన్ని మార్చి, పీహెచ్‌ను 9కి దిగువకు తెచ్చినప్పుడు ఆ పొర పోతుంది. సముద్రపు ఉప్పులోని క్లోరైడ్ అంతకాలం ఆగదు. పీహెచ్ బాగానే ఉన్నా అది నేరుగా ఆ పొరను ఛేదిస్తుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు, ఒక్కోసారి ఆరు రెట్ల వరకు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, పైనున్న కాంక్రీటు పెచ్చుగా లేచి ఊడిపోతుంది. కాంక్రీటు పనులకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 456, 2000 సంవత్సరపు ప్రతి, తీరప్రాంతపు గాలికి గురయ్యే కాంక్రీటును తీవ్ర పరిస్థితిలో ఉన్నదిగానూ, అలల తుంపర నేరుగా పడే దానిని అతి తీవ్ర పరిస్థితిలో ఉన్నదిగానూ లెక్కించి, కడ్డీ మీద వరుసగా కనీసం 45, 50 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలని చెబుతుంది. మొత్తం మందమే రెండు అంగుళాలుండే జాలీలోనూ, పిట్టగోడ స్తంభంలోనూ అంత కప్పు ఎక్కడి నుంచి వస్తుంది? అందువల్లనే ఇంటి స్లాబుల కన్నా ఈ అలంకారపు పనులు ముందుగా పాడవుతాయి, అందువల్లనే వాటికి మన చేతి శ్రద్ధ ఎక్కువ కావాలి.

కడిగే నీరు

బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, సాగర్‌నగర్, రుషికొండ, భీమిలి తీరం వంటి చోట్ల ఉండేవారు వానలు లేని నెలల్లో పదిహేను రోజులకొకసారైనా సముద్రం వైపున్న జాలీలను, గోడ నగిషీలను, గచ్చును మంచినీటితో కడగాలి. పెందుర్తి, గోపాలపట్నం వైపు లోపలికి ఉన్నవారికి నెలకొకసారి చాలు. వానకు తడవని భాగాలనే మరింత శ్రద్ధగా కడగాలన్నది చాలామంది గమనించని విషయం. ఆరుబయట గచ్చును వాన కడిగిపెడుతుంది. సన్‌షేడ్ కింది అంచు, వరండా జాలీ లోపలి ముఖం, బాల్కనీ స్తంభాల వెనుక వైపు ఉప్పు పడుతూనే ఉంటుంది గాని వాన చుక్క తగలదు. మా ఇంట్లో మొదట పెచ్చు లేచింది సరిగ్గా అలాంటి చోటే.

ఏ నీటితో కడుగుతున్నామన్నది అన్నిటికన్నా ముఖ్యం. తీరానికి దగ్గరి బోర్లలో చాలావాటి నీరు ఉప్పన. దానితో రోజూ గచ్చు కడిగితే గాలి తెచ్చే ఉప్పుకు మనం తెచ్చిన ఉప్పు తోడవుతుంది. కాంక్రీటు కలపడానికి వాడే నీటి విషయంలోనే ఐఎస్ 456 కడ్డీ ఉన్న పనికి లీటరుకు 500 మిల్లీగ్రాములు, కడ్డీ లేని పనికి 2,000 మిల్లీగ్రాములు క్లోరైడ్‌కు హద్దుగా పెట్టింది. బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించుకుని, ఆ హద్దుకు దగ్గరగా ఉంటే అలంకారపు పనుల దగ్గరికి దానిని రానివ్వకూడదు. ఇంకొక పొరపాటు చాలా ఇళ్లలో మంచి ఉద్దేశంతోనే జరుగుతోంది. తాగునీటి ఆర్‌ఓ యంత్రం వదిలే నీటిని వృథా చేయకూడదని బకెట్లో పట్టి పార్కింగు గచ్చు కడుగుతారు, సిమెంటు కుండీల మొక్కలకు పోస్తారు. తాగే నీటిలోంచి వేరుచేసిన లవణాలన్నీ చిక్కబడి ఉన్న నీరు అదే. మరుగుదొడ్డిలో పోయడానికి అది పనికొస్తుంది, గచ్చుకు పనికిరాదు.

దీనికి బదులుగా మన ఊరి ఉక్కపోత మనకొక మంచి నీటిని ఇస్తోంది. వేసవిలో ఏసీ నుంచి కారే నీరు గాలిలోని ఆవిరి చల్లబడి ఏర్పడినది; అందులో లవణాలు దాదాపు ఉండవు. పైపు చివర బకెట్ పెట్టి దానిని పట్టుకుంటే జాలీలు తుడవడానికీ, కుళాయి నీటితో కడిగాక చివరి మారు పోయడానికీ చాలా బాగుంటుంది. అయితే ఆ పైపును గోడ మీదికో గచ్చు మీదికో వదిలేయకూడదు. లవణం లేని నీరు ఒకే చోట నెలల తరబడి పడితే సిమెంటులోని సున్నాన్ని కరిగించి గుంట చేస్తుంది, చుట్టూ పచ్చని పాచి చార కడుతుంది.

కడగడానికి కొబ్బరి పీచు గాని నైలాన్ కుచ్చు గాని చాలు. ఇనుప తీగ బ్రష్ ఎంతమాత్రం వాడకూడదు; దాని నుంచి విరిగిన ముక్కలు అచ్చు గీతల్లో ఇరుక్కుని వారం తిరగకుండా గోధుమరంగు చుక్కలుగా తేలుతాయి. ఒత్తిడితో నీరు చిమ్మే యంత్రం వాడేవారు వెడల్పుగా చిమ్మే ముక్కును అమర్చి, గచ్చుకు కనీసం అడుగు దూరంలో పట్టి, ఒకచోట నిలపకుండా కదిలిస్తూ ఉండాలి. సన్నని ధార రంగు పొరను గీరేస్తుంది, గులకరాళ్ల గచ్చులోనైతే రాళ్లను ఊడదీస్తుంది.

తెల్లపూత, పాచి, మరకలు

గచ్చు మీద తెల్లగా కనిపించేదంతా ఒకటే అనుకుని బాత్‌రూము యాసిడ్ పోయించడం మన దగ్గర పాత అలవాటు. అంతకన్నా పెద్ద తప్పు లేదు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పై పొరనూ రంగునూ తినేయడమే గాక, ఏ క్లోరైడ్‌ను వదిలించుకోవాలని మనం పాట్లు పడుతున్నామో దానినే లోపలికి ఎక్కిస్తుంది.

ముందుగా ఆ తెలుపు ఏమిటో తెలుసుకోవాలి. పొడిగా ఉన్నప్పుడు చాకు మొనతో కొద్దిగా గీరి స్టీలు చెంచాలోకి తీసుకుని రెండు చుక్కల నీరు వేయండి. పొడి కరిగిపోతే అది ఉప్పు. పొడి బ్రష్‌తో ఊడ్చి ఎత్తివేసి, ఆ తరువాత మంచినీటితో రెండు మూడు సార్లు కడిగితే పోతుంది. కరగకుండా ఉండి, దాని మీద ఒక చుక్క వెనిగర్ వేయగానే సన్నని బుడగలు లేస్తే అది సిమెంటు నుంచి నీటితోపాటు పైకి వచ్చి గాలి తగిలి గట్టిపడిన సున్నం. దానికి గచ్చును ముందు నీటితో తడిపి, నీళ్లు కలిపిన వెనిగర్ పూసి, కుచ్చుతో రుద్ది, వెంటనే పుష్కలంగా కడగాలి. రంగు గచ్చయితే ముందు కనబడని మూలన ఒక చేయంత మేర చేసి చూడాలి. సున్నం మళ్లీ మళ్లీ తేలుతుంటే కింద నుంచి నీరు వస్తున్నట్లే. కొండవాలు మీద కట్టిన ఇళ్లలో అడ్డుగోడ వెనుక చేరిన వాననీరు పోవడానికి వదిలిన రంధ్రాలు ఎర్రమట్టితో పూడిపోవడం దీనికి తరచుగా కారణమవుతుంది. ఆ రంధ్రాలను తెరవకుండా పైన ఎన్నిసార్లు తుడిచినా లాభం లేదు.

పాచి ముఖ్యంగా ఆషాఢం నుంచి కార్తీకం వరకు పడుతుంది. నీడా తడీ కలిసిన చోట గట్టి కుచ్చుతో రుద్దడమే ఉత్తమం. బ్లీచింగ్ పౌడరు వాడక తప్పకపోతే పలుచగా కలిపి, పది నిమిషాలకు మించి ఉంచకుండా, నీరు నిలవకుండా కడిగేయాలి, ఎందుకంటే అందులోనూ క్లోరిన్ ఉంది. గచ్చు మీదికి కొమ్మ వాలిన చెట్టును కాస్త నరికించి ఎండ పడేలా చేస్తే సగం పాచి దానంతట అదే తగ్గుతుంది. తీరపు ఇళ్లలో విరివిగా కనిపించే బాదం చెట్టు ఎర్రని ఆకులు తడి గచ్చు మీద రెండు రోజులు పడి ఉంటే ఆకు ఆకారంలోనే ముదురు మరక దిగుతుంది. నేరేడు పండ్లూ అంతే. వీటిని రోజూ ఊడ్చడమే మందు.

మన పండుగలు గచ్చు మీదే జరుగుతాయి కాబట్టి వాటి గురించి విడిగా చెప్పాలి. ముగ్గులో నింపిన రంగుపొడిని మరునాడు నీళ్లు పోసి కడగకూడదు. తడి తగలగానే రంగు గచ్చులోకి దిగుతుంది. మెత్తని చీపురుతో పొడిగా ఊడ్చి ఎత్తాకే నీరు పోయాలి. దీపం నూనె ఒలికితే, రుద్దకుండా, ముగ్గుపిండినే మందంగా చల్లి రాత్రంతా ఉంచితే నూనెను చాలావరకు పీల్చుకుంటుంది. మిగిలినది సబ్బునీటితో పోతుంది. పసుపు మరకకు కంగారు పడనక్కర లేదు, నాలుగు రోజుల ఎండకు అదే వెలుస్తుంది. భోగిమంట మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కాంక్రీటు మీద వేయకూడదు. లోపలి తేమ ఆవిరిగా మారి బయటికి దారిలేక పై పొరను పేల్చివేస్తుంది. ఆ ముక్కలు కళ్లలో పడే ప్రమాదం కూడా ఉంది. మట్టి నేల లేని ఇంట్లో నాలుగంగుళాల ఇసుక పరిచి, దాని మీద ఇటుకలు పేర్చి, ఆపైన మంట వేసుకోవాలి. దీపావళి చిచ్చుబుడ్లకూ ఒక పాత ఇటుకను పీటగా వాడాలి.

తుప్పు మరక పైపైదా, లోపలి నుంచి వచ్చినదా చూడాలి. ఇనుప కుర్చీ కాలు కిందిదో, గ్రిల్లు నుంచి కారినదో అయితే ఆగ్జాలిక్ ఆమ్లం పొడిని పది పాళ్ల నీటికి ఒక పాలు చొప్పున కలిపి, గుడ్డతో అద్ది, కొద్ది నిమిషాల తరువాత కడిగేయవచ్చు. అది విషం, చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా, పిల్లలు దగ్గరుండగా వాడకూడదు. ఎరుపు, పసుపు గచ్చులకు వేసేదీ ఇనుప ఆక్సైడ్ రంగే కాబట్టి ఈ ఆమ్లానికి ఆ రంగూ కొంత వెలిసిపోతుంది. అలాంటి చోట మరకను భరించడమే నయం.

సీలర్: ఎప్పుడు, ఏది, ఎలా

మా గచ్చుకు మొదటిసారి సీలర్ వేయించినది ఒక జూలై నెలలో. నాలుగు రోజులు వాన పడలేదు, గచ్చు పైకి పొడిగా కనిపించింది, గుత్తేదారుకు వేరే చోట పని ఉంది. అప్పుడే మా తాపీ మేస్త్రీ వచ్చి గచ్చు మీద అరిచేయి ఆనించి, "ఈ మబ్బులో ఏటి ఏస్తారు బాబూ, గచ్చు అడుగున ఇంకా నీరుంది. సంక్రాంతి ఎల్లనీండి" అన్నాడు. నేను వినలేదు. మరునాడు ఉదయానికి ముదురు గోధుమరంగు గచ్చంతా పాలు ఒలికినట్లు తెల్లబడింది. లోపలి తేమ పైకి రాబోయి, ఆరుతున్న పూత కింద చిక్కుకుపోయింది. ఆ తెలుపును చూస్తూ ఏడు నెలలు గడిపి, ఫిబ్రవరిలో ఎండు గాలి వీచాక, జైలీన్ ద్రావకాన్ని పలుచగా రోలర్‌తో పూయించి, పాత పూత మెత్తబడి తేమ బయటికి పోయేలా చేయించాక గాని అది తేటపడలేదు. జైలీన్ తేలికగా అంటుకునేది, ఆవిరి ఊపిరితిత్తులకు చెడ్డది. ఆరుబయట, తగిన ముసుగుతో, తెలిసినవారి చేతనే ఆ పని చేయించాలి. ద్రావకంతో చేసిన ఆక్రిలిక్ పూతకే ఈ చికిత్స పనిచేస్తుంది.

కాబట్టి విశాఖలో సీలర్‌కు తగిన కాలం సంక్రాంతి తరువాత మొదలై శివరాత్రి దాటిన కొద్ది రోజుల వరకే ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలు అప్పటికి తగ్గిపోతాయి, గాలిలో తేమ వానల నెలల కన్నా తక్కువ, గచ్చు ఇంకా కాలడం మొదలుకాదు. సింహాచలంలో చందనోత్సవం నాటికి మధ్యాహ్నపు గచ్చు మీద కాలు పెట్టలేము; అంత వేడిలో పూత పైపైన ఎండి బుడగలు కడుతుంది. ఇక రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మృగశిర ప్రవేశించాక మళ్లీ సంక్రాంతి వరకు ఆగవలసిందే.

నెల సరైనదే అయినా గచ్చు ఆరిందో లేదో పరీక్షించాలి. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ఉన్న తేట ప్లాస్టిక్ ముక్కను గచ్చు మీద పరచి, నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించి, సాయంత్రం నుంచి మరునాటి ఉదయం వరకు కనీసం పదహారు గంటలు ఉంచండి. తీసి చూసినప్పుడు కింద నీటి బిందువులున్నా, గచ్చు రంగు ముదిరి కనిపించినా ఇంకా ఆగాలి. పూసే సమయానికి గచ్చు వేడి, గాలిలోని ఆవిరి మంచుబిందువులుగా మారే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. వ్యావహారికంగా చెప్పాలంటే మంచు పూర్తిగా విడిచి, ఎండ పడి గంట రెండు గంటలైన తరువాత, గచ్చు మీద అరిచేయి హాయిగా ఆనగలిగినంత సేపే పని చేయాలి. కొత్తగా పోసిన కాంక్రీటయితే 28 రోజులు నిండాలి.

ఏ సీలర్ అన్నది చోటును బట్టి నిర్ణయించుకోవాలి. అచ్చు గచ్చుకు ఆక్రిలిక్ పూత రంగును ముదిర్చి మెరుపునిస్తుంది, తరువాత మళ్లీ పూయడం తేలిక. జాలీలు, స్తంభాలు, తులసికోట, గోడ నగిషీల వంటి నిలువు పనులకు నేను సిలేన్, సిలాక్సేన్ జాతి ద్రవాలనే ఎంచుకుంటాను. అవి పైన పొర కట్టకుండా లోపలికి ఇంకి రంధ్రాల గోడలకు నీరు అంటకుండా చేస్తాయి, లోపలి ఆవిరిని బయటికి పోనిస్తాయి. చెమ్మ ఎక్కే గోడకు పొర కట్టే రంగులు పూస్తే బుడగలై లేస్తాయని వేరే చెప్పనక్కర లేదు. ఎపాక్సీ పూత ఎండలో పసుపుబారుతుంది, దానిని ఇంటి లోపలికే పరిమితం చేయాలి.

పూసే ముందు రోజులలో గచ్చును రెండుసార్లు మంచినీటితో కడిగి ఆరనివ్వాలి. ఉప్పు మీద సీలర్ పూయడమంటే దొంగను లోపల పెట్టి తలుపు వేసుకోవడమే. లీటరు ఆక్రిలిక్ రమారమి 50 నుంచి 80 చదరపు అడుగులకు వస్తుంది. గుల్లగా ఉన్న గచ్చు ఇంకొంచెం తాగుతుంది. ఒకే మందపాటి పూతకు బదులు రెండు పలుచని పూతలు, రెండవది మొదటి దానికి అడ్డంగా వేయాలి. అచ్చు గీతల్లో నిలిచిన ద్రవాన్ని బ్రష్‌తో లాగేయాలి, లేకపోతే అక్కడ తెల్లని గీతలు మిగులుతాయి. సీలర్ వేసిన గచ్చు వానలో జారుతుంది. ఇంట్లో పెద్దవారుంటే రెండవ పూతలో జారుడును అరికట్టే సన్నని పొడిని తప్పక కలిపించండి, మెట్ల మీద దీనిని ఎన్నటికీ మానకూడదు.

మళ్లీ ఎప్పుడు పూయాలన్నది క్యాలెండరును బట్టి తేల్చకండి. ఏటా సంక్రాంతి తరువాత గచ్చు మీద నాలుగైదు చోట్ల చెంచాడు నీరు పోసి చూడండి. ముత్యాలుగా నిలిస్తే ఆ ఏడు అక్కరలేదు. రెండు మూడు నిమిషాల్లో గచ్చు నల్లబడి నీరు పీల్చుకుంటే పూయాలి. కార్లు తిరిగే చోట, దక్షిణపు ఎండ పడే చోట ముందుగా అరుగుతుంది. ఆ భాగానికే పూస్తే సరిపోతుంది; మెరుపు పోతోందని ఏటేటా అంతటా పూస్తే పొరలు మందమై పెళుసెక్కి ఊడిపోతాయి.

పగుళ్లు, తుప్పు పట్టిన కడ్డీలు

వెంట్రుక వంటి సన్నని పగుళ్ల గురించి దిగులు అక్కరలేదు, సీలర్ వాటిని కప్పుతుంది. గోరు దూరేంత వెడల్పైతే నింపాలి. సిమెంటు పాలు పోస్తే తరువాతి వేసవికే మళ్లీ తెరుచుకుంటుంది, ఎందుకంటే ఎండకు గచ్చు సాగి రాత్రి ముడుచుకుంటూ కదులుతూనే ఉంటుంది. పగులును శుభ్రం చేసి, వెడల్పైన చోట మెత్తని ఫోము తాడును లోపలికి నొక్కి, పైన గచ్చు రంగుకు దగ్గరి పాలీయూరిథేన్ సీలెంట్ నింపాలి. గచ్చుల మధ్య వదిలిన జాయింట్లలో గట్టి రాయి, మట్టి చేరకుండా చూడటం ఇందులో భాగమే.

జాలీలోనో స్తంభంలోనో కడ్డీ వెంబడి నిలువుగా పగులు వచ్చి, దాని అంచున గోధుమరంగు కనిపిస్తే అది లోపలి తుప్పు. దాని మీద పుట్టీ పెట్టి రంగు వేయడం కొన్ని నెలల ముచ్చట. తులసికోట మూలన మేము అదే చేసి, రెండవ ఏట పిడికెడు ముక్క రాలి పడ్డాక సరిగా చేయించాము. చిన్న ఉలితో వదులు కాంక్రీటు అంతా తీసేయాలి. కడ్డీ వెనుక కూడా వేలు దూరేంత, అంటే సుమారు 20 మిల్లీమీటర్లు ఖాళీ రావాలి. ఎర్రని తుప్పు ఆగి శుభ్రమైన ఇనుము కనిపించేవరకు రెండు వైపులా తవ్వుతూ పోవాలి. కడ్డీని మెరిసేవరకు రాపిడి చేసి, మంచినీటితో కడిగి, ఆరబెట్టి, ఆ పూటే జింకు కలిసిన ప్రైమర్ పూయాలి. మరునాటికి వదిలితే మన గాలికి మళ్లీ ఎర్రబడుతుంది. తరువాత పాలిమర్ కలిపిన మరమ్మతు సిమెంటుతో గట్టిగా నొక్కి నింపి, తడి గోనె సంచులు కప్పి, ఏడు రోజులు నీళ్లు పట్టాలి. ఆ నీరూ మంచినీరే కావాలి. కడ్డీ నాలుగో వంతుకు మించి తినేసి ఉంటే ఆ ముక్కను మార్చడమే మేలు. మార్చేటప్పుడు లోపల కడ్డీ అక్కరలేని గాజుపీచు కాంక్రీటు జాలీలను అడగండి.

తుపాను ముందూ, తరువాతా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు గాలి సముద్రాన్నే ఊళ్లోకి చిమ్మింది. తరువాత రోజుల తరబడి కరెంటూ లేదు, కుళాయీ లేదు. అప్పటి నుంచి తుపాను హెచ్చరిక రాగానే ఇళ్లలో సంపు, పైట్యాంకు నింపుకోవడం అలవాటైంది. అందులో నాలుగు బకెట్లు జాలీల కోసం లెక్కలో ఉంచుకోండి. హెచ్చరిక వచ్చిన రోజు కుండీలను గోడ మూలకు చేర్చి, గచ్చు వాలులో నీరు పోయే దారినీ, అడ్డుగోడ రంధ్రాలనూ శుభ్రం చేయాలి.

గాలి తగ్గిన రెండు మూడు రోజులలోగా సముద్రం వైపున్న ప్రతి ముఖాన్నీ పై నుంచి కిందికి కడగాలి. తరువాత గచ్చు అంతటా ఒక చెక్క కర్రతో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట టక్కుమంటుంది; కింద మట్టి కొట్టుకుపోయిన చోట కుండను తట్టినట్లు బోలుగా మోగుతుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆ భాగం మీద కారు నిలపకుండా, వానలు తగ్గాక మేస్త్రీని పిలిచి కింద నింపించాలి. ఇంటర్‌లాక్ పేవర్లు వేసుకున్నవారు సందుల్లో కొట్టుకుపోయిన ఇసుకను మళ్లీ నింపాలి. బీచ్ ఇసుకను మాత్రం దీనికి తేకూడదు.

కొత్తగా పోయించేవారు నాలుగంగుళాల గచ్చుకు ఎనిమిది నుంచి పది అడుగులకొక జాయింటు, అంగుళం లోతున కోయించుకోవాలి, మేస్త్రీ కలిపిన రంగుపొడి పేరును, సిమెంటు సంచికి ఎంత వేశాడో దానిని ఒక కాగితం మీద రాయించుకోవాలి. మరమ్మతు ముక్క తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఎండాక మరొక రంగు; ఆ పాళ్లు తెలియకుండా పక్క గచ్చుతో కలపడం అయ్యే పని కాదు. మిగిలిన రంగుపొడిని గాలి చొరని డబ్బాలో పోసి, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి అదే డబ్బాలో వేసి, మూత మీద తేదీ రాసి, తడి తగలని అటక మీద పెట్టుకోండి.